అనకాపల్లి బెల్లం యార్డులో కాటా పక్కన పరీక్ష బల్ల పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

సైన్సుతో, టెక్నాలజీతో ప్రాంతాన్ని బాగుచేసుకోవాలన్న మాట వచ్చినప్పుడల్లా ఉత్తరాంధ్రలో చర్చ విశాఖ తీరం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. డేటా సెంటర్లు రావాలి, ఫార్మా రావాలి, కాదనం. మేం రాస్తున్నది విశాఖకు గంట ప్రయాణం దూరంలో, పల్లెపల్లెకూ పాకిన ఒక పరిశ్రమ గురించి. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. చెరకు మీద పరిశోధన ఇక్కడ 1913లోనే మొదలైంది. విశ్వామిత్ర అని రైతులు పిలిచే 87ఏ298 లాంటి చెరకు రకాలు ఇక్కడివే. మంచి బెల్లం ఎలా వండాలో పరిశోధనా కేంద్రం దశాబ్దాలుగా చెబుతూనే ఉంది. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర కర్మాగారాల్లో క్రషింగ్ ఆగిపోయాక చెరకు రైతుకు గానుగే దిక్కయింది. అయినా శాస్త్రం బెల్లం వండే పెనం దాకా చేరలేదు. కారణం రైతు అజ్ఞానం కాదు. యార్డులో బెల్లానికి ధర కట్టే పద్ధతే ఆ శాస్త్రాన్ని దగ్గరకు రానివ్వడం లేదు.

యార్డులో బెల్లం దిమ్మను చూసి మొదటి రకం, రెండో రకం, మూడో రకం అంటారు. చూసేది ముందుగా రంగు. తర్వాత గట్టిదనం, విరిస్తే కనిపించే పలుకు. తూకానికి కాటా ఉంది, నాణ్యతకు కన్నే కాటా. పసుపు తేలిన దిమ్మకు మంచి ధర, గోధుమ రంగు దిమ్మకు కోత. క్వింటాకు కొన్ని వందల తేడా వస్తే కౌలు రైతు ఏం చేస్తాడు? పొయ్యి మీద పాకం మరుగుతుండగా గుప్పెడు హైడ్రోస్ చల్లుతాడు. చూస్తుండగానే రంగు తేలిపోతుంది.

హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల అద్దకం పనిలో వాడే రసాయనం. అది రంగు పదార్థాన్ని తీసేయదు, దాని ఆక్సిజన్ లాక్కుని కాసేపు కనబడకుండా చేస్తుంది. మురికి లోపలే ఉంటుంది. గాలి తగిలేకొద్దీ రంగు మళ్లీ తిరగబడుతుంది. యార్డులో పచ్చగా మెరిసిన దిమ్మ కొన్ని వారాల్లో కొనుగోలుదారు గోదాములో మట్టిరంగుకు తిరగడానికి కారణం ఇదే. హైడ్రోస్ వల్ల బెల్లంలో మిగిలే గంధకపు అవశేషం తిన్నవారికి, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారికి, హాని. పేరు పోయేది మాత్రం ఊరుమ్మడిగా అనకాపల్లి బెల్లానిది.

దీనికి ఇంకో చిక్కు తోడైంది. నల్లబెల్లం నాటుసారాకు పోతుందన్న అనుమానంతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్సైజ్ నిఘా ఉంది. సారా అరికట్టాలి, సందేహం లేదు. కానీ రంగు ముదిరిన బెల్లం ఏదైనా అనుమానపు సరుకే అన్న భయం రైతులో పాతుకుపోయింది. రసాయనం లేకుండా వండిన బెల్లం సహజంగా కాస్త ముదురు రంగులోనే ఉంటుంది. ఒక చేత్తో హైడ్రోస్ వద్దంటూ, ఇంకో చేత్తో ముదురు రంగును శిక్షిస్తే ఆ రైతు ఎటు పోవాలి? సారాబట్టీకి వెళ్లే పాడైన బెల్లానికీ, శుభ్రంగా వండిన గోధుమ రంగు బెల్లానికీ తేడా కంటితో తేల్చలేం. పరీక్ష తేలుస్తుంది.

అసలు బెల్లం ఎందుకు నల్లబడుతుందో చూస్తే సగం పని పొలంలోనే ఉంది. చెరకుకు నత్రజని నాటిన 45, 90 రోజులకు రెండు దఫాలుగా వేసి ఆపేయాలి. ఆ తర్వాత కూడా యూరియా చల్లితే తోట పచ్చగా కళకళలాడుతుంది గానీ రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. పెనంలో అవి చక్కెరతో కలిసి మాడు రంగు తెస్తాయి. ఉప్పు నేలల్లో పెరిగిన చెరకు బెల్లం ఉప్పగా ఉండి, చెమ్మ పీల్చుతుంది. గడలు పడిపోకుండా ఆకులతో కలిపి కట్టే జడచుట్టు వేయక పడిపోయిన తోటలో ఎలుకలు కొరికిన గడలు, పక్కమొలకలు వచ్చిన గడలు ఉంటాయి, వాటి రసం పాకానికి రాదు. కోత సమయం తెలుసుకోవడానికి రసంలో తీపిని కొలిచే చేతి రిఫ్రాక్టోమీటర్ చాలు. గడ అడుగు కణుపు నుంచి ఒక చుక్క, పై కణుపు నుంచి ఒక చుక్క తీసి చూడాలి. రెండు రీడింగులూ దగ్గరకొచ్చి, 18 నుంచి 20 బ్రిక్స్ (రసంలో కరిగిన చక్కెర వంటి ఘనపదార్థాల శాతం) మధ్య ఉంటే తోట పక్వానికి వచ్చినట్టు. ఆ పరికరం 20 డిగ్రీల ఉష్ణోగ్రతకు తయారైనది. మన దగ్గర 30 డిగ్రీల ఎండలో చూస్తే చూపిన అంకెకు సుమారు 0.8 కలుపుకోవాలి. అద్దం మీద నిన్నటి రసం ఎండి ఉంటే అంకె తప్పుతుంది, చుక్క చుక్కకూ తడిగుడ్డతో తుడవాలి. కోసిన చెరకును 24 గంటల్లో ఆడాలి. ఆలస్యమైతే గడలోనే చక్కెర విరిగిపోతుంది. గడ పైకొసన ఉండే మోవు కణుపులు నరికేయకుండా గానుగలో పెడితే తూకం కొంచెం పెరుగుతుంది, దిమ్మ మాత్రం గట్టిపడదు.

గానుగ దగ్గర పోతున్న డబ్బు గురించి ఎవరూ మాట్లాడరు. టన్ను చెరకు ఆడితే 600 కిలోల రసం వచ్చిందనుకుందాం. 18 బ్రిక్స్ ఉంటే అందులో ఘనపదార్థం 108 కిలోలు. మరిగేటప్పుడు పైకి తేలే మురికి తెట్టు పోగా, చివర మిగిలే తేమ కలుపుకుని దాదాపు 110 కిలోల బెల్లం. అదే గానుగ రోళ్ల గాళ్లు అరిగిపోకుండా, వెనక రోళ్ల సందు బిగించి 680 కిలోల రసం తీయగలిగితే బెల్లం పన్నెండు కిలోలకు తగ్గకుండా పెరుగుతుంది. కొత్త తోట అక్కర్లేదు, కొత్త నీళ్లు అక్కర్లేదు. ముందు సందు గడ పట్టేంత, వెనక సందు పిప్పి జారేంత ఉండాలి. తొందరలో ఒకేసారి గడలు కుక్కితే గంటకు ఎక్కువ ఆడినట్టు కనిపిస్తుంది, రసం పిప్పిలోనే ఉండిపోతుంది. బయటికొచ్చిన పిప్పిని పిడికిట్లో బిగించి పిండితే చుక్క కారకూడదు. కారితే గానుగ ఆపి మర బిగించాలి.

ఇక పెనం. తాజా రసం కొద్దిగా పులుపు గుణంతో, పులుపును కొలిచే పీహెచ్ అంకె 5.2 నుంచి 5.4 దగ్గర ఉంటుంది. ఆ పులుపులో, మరిగే వేడిలో చక్కెర విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. అవి గాలిలో చెమ్మను లాగుతాయి. వానాకాలంలో దిమ్మ కన్నీళ్లు పెట్టుకున్నట్టు కారడం, అరిసెల పాకం ఎంతకీ కుదరకపోవడం ఈ విరుపు వల్లనే. అందుకే సున్నపు తేట వేసి పీహెచ్‌ను 6.0 నుంచి 6.4 మధ్యకు తేవాలి. సున్నం ఎక్కువైతే మరో తప్పు జరుగుతుంది. 7 దాటగానే విరిగిన చక్కెరలు క్షారంలో మాడి రసం ఎర్రబారుతుంది, బెల్లం సున్నం వాసన కొడుతుంది. గరిటెడు తేట వేయడం, రెండు నిమిషాలు కలియబెట్టడం, చెంచాడు రసం చల్లార్చి కొలవడం, చాలకపోతే మళ్లీ వేయడం, ఇదీ వరస. పీహెచ్ మీటరు రెండు మూడు వేలలో దొరుకుతుంది. దాని కొసనున్న గాజుబుడ్డి ఎండిపోతే మీటరు చచ్చినట్టే. పని అయ్యాక మంచినీళ్లతో కడిగి, దానితో ఇచ్చే ద్రావణంలోనే ముంచి ఉంచాలి. వారానికోసారి పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూడాలి. వేడి రసంలో నేరుగా ముంచితే వారం తిరక్కుండా పాడవుతుంది.

తెట్టు తీయడంలోనే అసలు పనితనం ఉంది. బెండ మొక్కల పచ్చి కాండాన్ని, వేళ్లను దంచి నీళ్లలో నానబెట్టి పిసికితే జిగురు దిగుతుంది. ఆ జిగురు రసం గోరువెచ్చగా ఉన్నప్పుడే పోయాలి. 80, 85 డిగ్రీల దగ్గర మురికి అంతా జిగురుకు పట్టుకుని బూడిదరంగు దుప్పటిలా పైకి లేస్తుంది. మంట అప్పుడు సన్నగా ఉండాలి. ఆ దుప్పటి ఒక పక్క పగిలి కింద నుంచి బుడగ కనిపించే లోపు జల్లెడ గరిటెతో మొత్తం ఎత్తేయాలి. ఒక్కసారి రసం తెర్లిందా, తెట్టు ముక్కలై రసంలో కలిసిపోతుంది. ఇక ఎంత తోడినా రాదు. పెనం దగ్గర పొయ్యి వేసే మనిషికీ, తెట్టు తీసే మనిషికీ మాట కలవకపోతే ఆ రోజు వంట పాడే. బెండ జిగురుతో సరిగ్గా తేర్చిన రసం బంగారు రంగులో, కింద చెంచా కనిపించేంత తేటగా ఉంటుంది. హైడ్రోస్ అవసరం అక్కడే తీరిపోతుంది.

చివరి పావుగంట వేడే బెల్లాన్ని నిర్ణయిస్తుంది. అనుభవజ్ఞులు పాకపు చుక్కను చన్నీళ్లలో వేసి, ఉండ కట్టి, పళ్లానికేసి కొట్టి శబ్దం వింటారు. ఆ చెవి విలువైనదే, మేం కాదనం. కానీ ఆ మనిషి రాని రోజు, కొత్తవాడు తెడ్డు పట్టిన రోజు ఏం చేయాలి? గట్టి దిమ్మకు 116 నుంచి 118 డిగ్రీల సెల్సియస్, పొడి బెల్లానికి 120 నుంచి 122, పానకం లాంటి ద్రవ బెల్లానికి 105, 106. కొన్ని వందల రూపాయల థర్మామీటరు ఈ అంకె చెబుతుంది, దాని మొన పెనం అడుగుకు తగలకుండా పాకం మధ్యలో ఉంటే చాలు. 110 దాటాక పిప్పి వేయడం ఆపేయాలి, ఉన్న నిప్పుతోనే పాకం పైకి వెళ్తుంది. మంట నిలబెడితే అడుగు మాడి రంగు పోతుంది. రెండు డిగ్రీల ముందే దించితే తేమ మిగిలి ఆషాఢంలో బూజు పడుతుంది.

పొయ్యి లెక్క కూడా చెప్పుకోవాలి. ఆ 600 కిలోల రసం 110 కిలోల బెల్లం కావాలంటే 490 కిలోల నీరు ఆవిరి కావాలి. రసం మరగడానికీ నీరు ఆవిరి కావడానికీ కలిపి సుమారు 1,270 మెగాజౌళ్ల వేడి కావాలి. మిగిలిన 400 కిలోల పచ్చి పిప్పి బాగా ఎండితే 240 కిలోలవుతుంది, దాన్ని కాలిస్తే వచ్చే వేడి దాదాపు 3,700 మెగాజౌళ్లు. అంటే పుట్టిన వేడిలో మూడో వంతు రసానికి అందితేనే ఆ చెరకు పిప్పి ఆ చెరకు వంటకు సరిపోతుంది. అంతకన్నా తగ్గితే కట్టెలు కొనాలి. సగం అందితే టన్నుకు సుమారు 75 కిలోల పిప్పి మిగులుతుంది. ఒకే పెనం ఉన్న పాత పొయ్యిలో మంట పెనం అడుగును నాకి నేరుగా గొట్టంలోకి పోతుంది. రెండో పెనం, మూడో పెనం ఆ పొగ దారిలోనే పెడితే తర్వాతి రసం ముందే వేడెక్కుతుంది. కింద ఇనుప కమ్మీల జాలీ ఉంటే గాలి ఆడి పిప్పి పూర్తిగా కాలుతుంది, బూడిద కిందకి రాలుతుంది. గొట్టానికి మూతపలక పెట్టి గాలి తగ్గించుకోవాలి. పెనం అడుగున రెక్కలు అతికితే వేడి తీసుకునే మేర పెరుగుతుంది. ఇవన్నీ ఊళ్లో తాపీమేస్త్రీ, వెల్డరు చేయగల పనులే. మూడు పెనాల పొయ్యి విఫలమైన చోట కారణాలు దాదాపు ఒకటే. పొగ దారి తక్కువ వాలుతో కట్టడం వల్ల మసి పేరుకుని గుంజుడు తగ్గడం, తడి పిప్పి వేయడం. సగం నీరున్న పిప్పి తన వేడిలో పెద్ద భాగాన్ని తనను ఆరబెట్టుకోవడానికే ఖర్చుపెడుతుంది.

ఇంత కష్టపడి శుభ్రంగా వండినవాడి దిమ్మ యార్డులో హైడ్రోస్ దిమ్మ పక్కన వెలవెలబోతే వచ్చే ఏడు అతనూ గుప్పెడు చల్లుతాడు. శిక్షణ శిబిరాలు ఎన్ని పెట్టినా ఇదే జరుగుతుంది. అందుకే మా కోరిక ఒక్కటే. యార్డులో కాటా పక్కన పరీక్ష బల్ల పెట్టండి.

దాని కోసం పెద్ద ల్యాబ్ భవనం అక్కర్లేదు. గంధకపు అవశేషానికి సల్ఫైట్ కాగితపు పట్టీలు, ఒక పీహెచ్ మీటరు, రెండు తేమ తూచే యంత్రాలు, వడపోత కాగితాలు, చిన్న త్రాసు, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు చాలు. ఒక లాటులో మూడు దిమ్మలు ఎంచి, పైపొర కాకుండా లోపలి నుంచి బర్మాతో నమూనా తీయాలి. పైపొరలో రంగు త్వరగా తిరుగుతుంది, తేమా తేడాగా ఉంటుంది. పది గ్రాములు నూరు మిల్లీలీటర్ల నీటిలో కరిగిస్తే పీహెచ్, పట్టీ పరీక్ష, వడగడితే మురికి, మూడూ ఒకే ద్రావణంతో అవుతాయి. పట్టీకి రెండు నిమిషాలు. తేమకు పావుగంట. యంత్రం వేడి ఎక్కువ పెడితే బెల్లమే మాడి తేమ ఎక్కువగా చూపుతుంది, తక్కువ వేడి మీదే ఓపిగ్గా చేయాలి. రెండు యంత్రాలతో గంటకు ఎనిమిది లాట్లు, వేలానికి ముందు నాలుగు గంటల్లో 32 లాట్లు. యార్డుకు వచ్చే సరుకంతటికీ ఇది చాలదు. చాలాల్సిన పనీ లేదు. మొదట పరీక్ష కోరుకున్న రైతులకే చేయాలి, వాళ్ల లాట్లు వేరే వరసలో పెట్టి విడిగా వేలం వేయాలి.

పట్టీ రంగు మారినంత మాత్రాన రైతును దోషి అనకూడదు. ముదురు ద్రావణంలో పట్టీ రంగు చదవడం కష్టం, గంధకానికి చేసే అయోడిన్ పరీక్షనూ బెల్లంలోని సహజ పదార్థాలు తప్పుదోవ పట్టించగలవు. అనుమానపు నమూనాలు మరిగించి ఆవిరి పట్టే స్వేదన పద్ధతిలో పరీక్షించే ప్రయోగశాలకు వెళ్లాలి, ఫలితం వచ్చేదాకా ఆ లాటు మామూలు వరసలో అమ్ముకోనివ్వాలి. ఇంకోటి, గంధకం నిల్వలో కొంత పోతుంది. కాబట్టి పరీక్ష యార్డుకు వచ్చిన రోజే జరగాలి, నెల తర్వాత గోదాములో కాదు. ఫలితాన్ని కాటా చీటీ మీదే అచ్చేయాలి. చీటీ మీద లేని అంకెను ఏ వర్తకుడూ చూడడు.

ఈ మార్పు వల్ల తూకం వేసే కొలగార్లకు, బరువులు మోసే కళాసీలకు పని తగ్గదు. వర్తకులకూ నష్టం లేదు. పరీక్ష చీటీ ఉన్న సరుకును దూరపు రాష్ట్రాల కొనుగోలుదారుకు, మిఠాయి తయారీదారుకు, దేవస్థానాలకు ధైర్యంగా పంపవచ్చు. మేడారంలో భక్తులు బంగారం అని మొక్కి తల్లులకు సమర్పించేది బెల్లమే. ఆ ప్రసాదంలో బట్టల రంగు మందు ఉండకూడదని కోరడం అత్యాశ కాదు.

పొడి బెల్లం, ద్రవ బెల్లం ఈ పునాది తర్వాతి మెట్లు. పొడికి 120 దాటిన పాకాన్ని చల్లారుతుండగా చెక్కతో గీకి, 3 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, తేమ 2 శాతం లోపుకు ఆరబెట్టి వెంటనే సీలు వేయాలి. వానరోజున ఈ పని పెట్టుకుంటే సాయంత్రానికి ఉండలు కడుతుంది. ద్రవ బెల్లంలో పలుకులు రాకుండా కిలోకు 400 మిల్లీగ్రాముల నిమ్మ ఉప్పు వేసి, వారం పది రోజులు తేరనిచ్చి సీసాల్లో పోస్తారు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో వ్యక్తిగత యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ప్రకటించారు. అయితే దిమ్మకే నాణ్యత ధర రాని చోట పొడి యూనిట్ పెట్టినా హైడ్రోస్ పొడే వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు యంత్రాలు ముందు కొని, కొలత తర్వాత నేర్చుకుందామనే వరస మంచిది కాదు.

మార్కెట్ కమిటీకి, వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, జిల్లా యంత్రాంగానికి మా విన్నపం ఇది. సంక్రాంతికి కొత్త బెల్లం రాక జోరందుకునేలోగా యార్డులో ఒక బల్ల వేయండి. పరిశోధనా కేంద్రం నుంచి ఒక సాంకేతిక సహాయకుణ్ని సీజను పొడవునా అక్కడే కూర్చోబెట్టండి. మండలానికొక మూడు పెనాల పొయ్యి రైతు కళ్లంలోనే కట్టించి, సీజనంతా అతనే నడిపేలా చూడండి. రంగును బట్టి కాకుండా పరీక్ష చీటీని బట్టి రవాణా అనుమతించాలని ఎక్సైజ్ అధికారులతో మాట్లాడండి.

మీ పత్రికకూ ఒక మనవి. రోజూ మార్కెట్ ధరల్లో బెల్లం మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని అచ్చవుతోంది. పరీక్ష బల్ల మొదలైన రోజు నుంచి వాటి కింద ఇంకో వరస చేర్చండి: పరీక్షించిన బెల్లం, క్వింటా ఇంత. ఆ అంకె పైవాటికన్నా యాభై రూపాయలు ఎక్కువ కనబడినా చోడవరంలో, మాడుగులలో, కశింకోటలో గానుగల దగ్గర మరునాడే దాని గురించి మాట్లాడుకుంటారు.

ఇట్లు,
చెరకు, బెల్లం సాంకేతికతలో పనిచేస్తున్న కొందరు పాఠకులు,
అనకాపల్లి జిల్లా